కరెంట్, గ్యాస్, నీళ్లు.. గోదావరి జిల్లాల్లో వీటికి సైబర్ కాపలా ఎవరిది?

తెల్లవారుజాము 3 గంటలు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ టైమ్‌లో నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. కరెంట్ పోయి, జనరేటర్ వెంటనే అందుకోకపోతే తెల్లారేసరికి చెరువులో రొయ్య మిగలదు. నెలల కష్టం, లక్షల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతాయి.

డెల్టా రైతుకు కరెంట్ పోవడం అంటే గాలివాన, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్, తెగిపడిన లైను. ఇప్పుడు ఈ లిస్టులో ఇంకోటి చేరింది. అదే సైబర్ దాడి. తుపానుకైతే ముందు హెచ్చరిక వస్తుంది. హ్యాకర్ మాత్రం చెప్పి రాడు.

గోదావరి జిల్లాల్లో కరెంట్, గ్యాస్, ఫోన్, బ్యాంకు, ఆసుపత్రి అన్నీ కంప్యూటర్లతో నడిచేవే. వీటిలో కొన్ని ప్రభుత్వానివి, కొన్ని ప్రైవేటు కంపెనీలవి. అన్నీ ఒకదానిపై ఒకటి ఆధారపడ్డవే. అందుకే ప్రభుత్వం ఒక్కటే కాపలా కాయలేదు, కంపెనీ ఒక్కటే కాయలేదు. ఇద్దరూ కలిసి ఏం చేస్తున్నారు? ఎక్కడ తేడా కొడుతోంది? పూర్తి వివరాలు ఇవీ..

కీలక వ్యవస్థ అంటే ఏంటి?

దీనికి చట్టంలోనే అర్థం ఉంది. ఐటీ చట్టం సెక్షన్ 70 ప్రకారం.. ఏ కంప్యూటర్ వ్యవస్థ ఆగిపోయినా, ధ్వంసమైనా దేశ భద్రత, ఆర్థిక వ్యవస్థ, ప్రజల ఆరోగ్యం లేదా రక్షణ దెబ్బతింటాయో.. దాన్ని కీలక సమాచార వ్యవస్థగా చూస్తారు. ప్రభుత్వం గెజిట్ ద్వారా అలాంటి వాటిని ‘రక్షిత వ్యవస్థ’గా ప్రకటించవచ్చు. అందులోకి అనుమతి లేకుండా చొరబడితే 10 ఏళ్ల వరకూ జైలు శిక్ష పడుతుంది.

విద్యుత్, ఇంధనం, బ్యాంకింగ్, బీమా, టెలికాం, రవాణా, ఆరోగ్యం, ప్రభుత్వ సేవలు వంటి రంగాలు ఈ లెక్కలోకి వస్తాయి.

గోదావరి జిల్లాల్లో ఏం ఉన్నాయి?

పచ్చని పొలాలు, కొబ్బరి తోటలే కాదు, రాష్ట్రానికి కీలకమైన చాలా వ్యవస్థలు ఇక్కడే ఉన్నాయి.

గ్యాస్, చమురు: రాజమహేంద్రవరం కేంద్రంగా ఓఎన్‌జీసీ కేజీ బేసిన్‌లో తవ్వకాలు చేస్తోంది. ఓడలరేవులో ఆ సంస్థ టెర్మినల్ ఉంది. కాకినాడ సమీపంలోని గాడిమొగలో రిలయన్స్ కేజీ-డీ6 గ్యాస్ ఒడ్డుకు చేరుతుంది. కోనసీమ ఊళ్ల మధ్య నుంచి గ్యాస్ పైపులైన్లు వెళ్తున్నాయి.

విద్యుత్: గోదావరి జిల్లాలకు కరెంట్ ఇచ్చేది విశాఖ కేంద్రంగా ఉన్న ఈపీడీసీఎల్. వేమగిరి, విజ్జేశ్వరం దగ్గర గ్యాస్‌తో నడిచే ప్లాంట్లు ఉన్నాయి. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో కలిసింది. అప్పటి నుంచి దేశమంతా ఒకే గ్రిడ్. ఒక మూల తలెత్తిన పెద్ద లోపం ఇంకో మూలకు పాకే అవకాశం ఉంటుంది.

నీళ్లు: ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీ కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతాయి. సాగు నీరే కాదు, డెల్టా ఊళ్ల తాగునీటి చెరువులు నిండేదీ కాలువల నుంచే.

వీటికి తోడు కాకినాడ పోర్టు, మధురపూడి విమానాశ్రయం, రైల్వే, ఆసుపత్రులు, బ్యాంకులు ఉండనే ఉన్నాయి.

ప్రమాదం అంటే ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్ మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ రెండూ సైబర్ దాడులు కావు. కానీ పీడనం, లీకు, వాల్వు లాంటి వాటిపై నిఘా తప్పితే ఏం జరుగుతుందో కోనసీమ జనానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు అలాంటి నిఘా చాలా చోట్ల సెన్సార్లు, కంప్యూటర్ల చేతిలో ఉంది.

ఆఫీసు కంప్యూటర్ వేరు.. ప్లాంటు కంప్యూటర్ వేరు

సైబర్ దాడి అనగానే ముందు ఒక తేడా తెలుసుకోవాలి. బిల్లులు, జీతాలు, ఈమెయిళ్లు చూసేది ఆఫీసు నెట్‌వర్క్. బ్రేకర్లు, వాల్వులు, మోటార్లు, పంపులు నడిపేది ప్లాంటు నెట్‌వర్క్. దూరం నుంచి వీటిని చూస్తూ, కంట్రోల్ చేసే వ్యవస్థను స్కాడా అంటారు.

ఆఫీసు నెట్‌వర్క్ పోతే పని ఆగుతుంది, డేటా పోతుంది. ప్లాంటు నెట్‌వర్క్ పోతే కరెంట్ పోవచ్చు, ప్రాణాలూ పోవచ్చు. అందుకే ఈ రెండింటి మధ్య గట్టి గోడ ఉండాలన్నది మొదటి సూత్రం.

2019లో తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో ఒక కంప్యూటర్‌లోకి మాల్‌వేర్ వచ్చింది. అక్టోబర్ 30న ఎన్‌పీసీఐఎల్ దాన్ని ఒప్పుకుంది. అయితే అది ఆఫీసు పనులకు వాడే నెట్‌వర్క్‌లోని కంప్యూటరే, ప్లాంటు కంట్రోల్ వ్యవస్థకు దానితో సంబంధం లేదని చెప్పింది. అక్కడ ఆ గోడే కాపాడింది.

ఒక్కోసారి గోడ ఉన్నా ఇబ్బంది తప్పదు. 2021 మే 7న అమెరికాలో కలోనియల్ పైపులైన్ కంపెనీ ఆఫీసు కంప్యూటర్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దాడి ఎంతవరకు పాకిందో తెలియక కంపెనీయే పైపులైన్ ఆపేసింది. రోజుల తరబడి పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు కట్టారు. కంపెనీ 44 లక్షల డాలర్లు చెల్లించింది.

తెలుగు రాష్ట్రాల్లో ఏం జరిగింది?

2019 ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఫైళ్లకు తాళం వేసి, తాళం తీయాలంటే డబ్బు కట్టమనడమే రాన్సమ్‌వేర్ పని. వెబ్‌సైట్లు ఆగిపోయాయి. ఆన్‌లైన్‌లో బిల్లు కట్టేవాళ్లు ఇబ్బంది పడ్డారు. దెబ్బ ఆఫీసు వైపు తగిలింది. ఇళ్లకు కరెంట్ సరఫరా మాత్రం ఆగలేదు.

రెండేళ్ల తర్వాత వచ్చిన హెచ్చరిక ఇంకా పెద్దది. 2021 ఫిబ్రవరి చివర్లో అమెరికాకు చెందిన రికార్డెడ్ ఫ్యూచర్ అనే ప్రైవేటు సంస్థ ఒక రిపోర్టు విడుదల చేసింది. చైనాతో సంబంధం ఉందని తాము భావిస్తున్న ఒక గ్రూపు భారత విద్యుత్ వ్యవస్థలను టార్గెట్ చేసిందని అందులో చెప్పింది. దక్షిణాది గ్రిడ్‌ను చూసే బెంగళూరు లోడ్ డిస్పాచ్ సెంటర్, తెలంగాణ లోడ్ డిస్పాచ్ సెంటర్ పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి.

ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే, మార్చి మొదట్లో, కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ నుంచి తెలంగాణ ట్రాన్స్‌కోకు అలర్ట్ వచ్చింది. అనుమానం ఉన్న ఇంటర్నెట్ అడ్రస్‌లను బ్లాక్ చేశారు. దూరం నుంచి సబ్‌స్టేషన్లను నడిపే పాస్‌వర్డ్‌లు మార్చారు. సరఫరాకు ఇబ్బంది రాలేదు.

ఈ విషయంలో గమనించాల్సింది ఒకటుంది. ముప్పు గురించి బయటి ప్రైవేటు కంపెనీ చెప్పింది. కేంద్ర సంస్థ అలర్ట్ ఇచ్చింది. రాష్ట్ర సంస్థ చేతల్లో పెట్టింది. భాగస్వామ్యం అంటే ఇదే. ఇందులో ఏ ఒక్క లింకు తెగినా కథ వేరేలా ఉండేది.

గ్యాస్, నీళ్లకూ తప్పని ముప్పు

2022 ఏప్రిల్‌లో అస్సాంలోని దులియాజాన్‌లో ఆయిల్ ఇండియా సంస్థ కంప్యూటర్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. హ్యాకర్లు 75 లక్షల డాలర్లు డిమాండ్ చేశారు. ఓఎన్‌జీసీ లాగే అది కూడా చమురు, గ్యాస్ తవ్వే ప్రభుత్వ రంగ సంస్థే.

అదే ఏడాది నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయాయి. దాదాపు రెండు వారాలు డాక్టర్లు, సిబ్బంది కాగితం, పెన్నుతో పని చేయాల్సి వచ్చింది.

నీళ్ల విషయానికొస్తే.. 2025 ఏప్రిల్‌లో నార్వేలోని బ్రెమాంగర్ దగ్గర ఒక చిన్న డ్యామ్ వాల్వును హ్యాకర్లు దూరం నుంచి తెరిచారు. సెకనుకు సుమారు 500 లీటర్ల నీళ్లు 4 గంటలపాటు అదనంగా పోయాయి. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. ఇది రష్యా అనుకూల హ్యాకర్ల పనేనని నార్వే అధికారులు ఆగస్టులో చెప్పారు.

దాడి చేసేవాడు ప్రతిసారీ విదేశీయుడే కానక్కర్లేదు. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ అనే ప్రాంతంలో మురుగునీటి పంపులు పిచ్చిపిచ్చిగా నడిచాయి. సుమారు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, నదుల్లోకి చేరింది. చేసినవాడు ఆ పంపులకు కంట్రోల్ వ్యవస్థ అమర్చిన కాంట్రాక్టు కంపెనీలో పని చేసి మానేసిన వ్యక్తే. కౌన్సిల్లో ఉద్యోగం అడిగితే ఇవ్వలేదని కోపం పెంచుకున్నాడు. కోర్టు అతనికి 2 ఏళ్ల జైలు వేసింది. కాంట్రాక్టు అయిపోయాక కూడా పాత మనిషి చేతిలో తాళం ఉండిపోతే జరిగేది అదే.

ఎవరి పని ఏంటి?

సెర్ట్-ఇన్: 2004 నుంచి పని చేస్తోంది. దేశంలో ఏ సైబర్ ఘటన జరిగినా రిపోర్టు వెళ్లాల్సింది ఇక్కడికే. 2022లో సుమారు 13.9 లక్షలు, 2023లో 15.9 లక్షలు, 2024లో 20.4 లక్షల ఘటనలు ఈ సంస్థ లెక్కలోకి వచ్చాయి.

ఎన్‌సీఐఐపీసీ: కీలక వ్యవస్థల రక్షణ కోసమే 2014 జనవరిలో ఏర్పాటైన జాతీయ కేంద్రం. విద్యుత్, టెలికాం, బ్యాంకుల వంటి రంగాలకు హెచ్చరికలు, సూచనలు ఇస్తుంది. ఎవరైనా లోపం కనిపెట్టి చెబితే తీసుకునే ఏర్పాటు కూడా ఉంది.

విద్యుత్ రంగానికి ప్రత్యేక బృందాలు: థర్మల్, హైడ్రో, ట్రాన్స్‌మిషన్, డిస్ట్రిబ్యూషన్, గ్రిడ్ నిర్వహణకు వేర్వేరు బృందాలు ఉన్నాయి. 2024లో మొత్తం విద్యుత్ రంగానికి సీఎస్‌ఐఆర్‌టీ-పవర్ అనే కేంద్రాన్ని ప్రారంభించారు.

రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్ 2017లో సైబర్ సెక్యూరిటీ పాలసీ తెచ్చింది. ప్రభుత్వ శాఖల ఐటీ పనులను ఏపీ టెక్నాలజీ సర్వీసెస్ చూస్తోంది.

కంపెనీలు: ప్రతి సంస్థలోనూ సైబర్ భద్రతకు జవాబుదారీగా ఒక అధికారి ఉండాలి. విద్యుత్ సంస్థలకైతే ఇది కేంద్ర విద్యుత్ అథారిటీ 2021 అక్టోబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. ప్లాంటు నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్ నుంచి పూర్తిగా వేరు చేయాలని, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌ను వేరే గదిలో ఆ అధికారి అదుపులో ఉంచాలని, నమ్మకమైన చోటు నుంచే పరికరాలు కొనాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇవి డిస్కంలకే కాదు, ప్రైవేటు ప్లాంట్లకూ వర్తిస్తాయి.

6 గంటల రూల్ ఎందుకంత ముఖ్యం?

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. సైబర్ దాడుల్లో చాలాకాలం జరిగింది అదే. కంపెనీలు పరువు పోతుందని, షేర్ పడిపోతుందని దాచేవి. నెలల తర్వాత విషయం బయటపడేది. ఈలోగా అదే ముఠా ఇంకో నాలుగు కంపెనీలను కొట్టేది.

అందుకే 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ కొత్త ఆదేశాలిచ్చింది. ఘటన కంట పడిన 6 గంటల్లోపు రిపోర్టు చేయాలి. కంప్యూటర్ లాగ్‌లు 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. అన్ని కంప్యూటర్ల గడియారాలూ ఒకే టైమ్ చూపించాలి. ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో తేల్చాలంటే టైమ్ సరిగ్గా ఉండాలి కదా. ఈ ఆదేశాలు ప్రభుత్వ శాఖలకు, ప్రైవేటు కంపెనీలకు ఒకే రకంగా వర్తిస్తాయి.

కలిసి పని చేయడం ఎలా మొదలైంది?

ప్రభుత్వం, పరిశ్రమ కలవాలన్న మాటకు 2012 అక్టోబర్‌లో ఒక రూపం వచ్చింది. జాతీయ భద్రతా మండలి సచివాలయం ఆధ్వర్యంలోని జాయింట్ వర్కింగ్ గ్రూప్ అప్పుడు రిపోర్టు ఇచ్చింది. రంగాలవారీగా సమాచారం పంచుకునే కేంద్రాలు, పరికరాలు పరీక్షించే ల్యాబులు, ట్రైనింగ్ కావాలని అందులో చెప్పింది. 2013 జాతీయ సైబర్ సెక్యూరిటీ పాలసీ కూడా అదే దారిలో నడిచింది.

2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రం వచ్చింది. వైరస్ పట్టిన కంప్యూటర్లను గుర్తించడం, ఇంటర్నెట్ కంపెనీల ద్వారా యజమానికి చెప్పడం, యాంటీ వైరస్ కంపెనీల ఉచిత టూల్స్ ఇవ్వడం దీని పని. 2018 జనవరిలో సైబర్ సురక్షిత్ భారత్ మొదలైంది. ఇందులో ఐటీ కంపెనీలు, కేంద్ర ఐటీ శాఖ కలిసి ప్రభుత్వ అధికారులకు శిక్షణ ఇస్తున్నాయి.

తెలుగు నేల మీదా ఒక ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లో సైబరాబాద్ పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్‌ను నడుపుతున్నాయి. ఉద్యోగుల రక్షణ, ట్రాఫిక్, సైబర్ భద్రత అన్నీ ఒకే టేబుల్ దగ్గర మాట్లాడుకునే వీలు దానివల్ల వచ్చింది.

మరి చిక్కు ఎక్కడ?

మొదటిది, కాంట్రాక్టర్లు. డిస్కంల సాఫ్ట్‌వేర్, ప్లాంట్ల మరమ్మతు, స్మార్ట్ మీటర్ల డేటా వంటి పనులు ఎక్కువగా బయటి కంపెనీల చేతుల్లోనే ఉంటాయి. స్మార్ట్ మీటరుకు దూరం నుంచే కరెంట్ ఆపే, ఇచ్చే వీలుంటుంది. సౌకర్యమే, కానీ ప్రతి కొత్త సౌకర్యం ఒక కొత్త తలుపు. ఆ తలుపు తాళం ఎన్ని చేతులు మారుతోందో లెక్క ఉండాలి.

రెండోది, పాత పరికరాలు. ప్లాంట్లలో కంట్రోల్ వ్యవస్థలు 15, 20 ఏళ్లు నడుస్తాయి. ఆఫీసు కంప్యూటర్‌లా రాత్రికి రాత్రి అప్‌డేట్ చేయలేరు. ప్లాంటు ఆపాలి, ఆపితే నష్టం.

మూడోది, పెద్దవాళ్ల మధ్య చిన్నవాళ్లు. పెద్ద చమురు కంపెనీకి సైబర్ టీమ్ ఉంటుంది. చిన్న మున్సిపాలిటీ నీళ్ల పంపుకు ఎవరుంటారు? 2023 నవంబర్‌లో అమెరికాలోని అలిక్విపా అనే చిన్న ఊళ్లో నీటి సంస్థ కంట్రోల్ పరికరాన్ని హ్యాకర్లు పట్టేశారు. ఆ రకం పరికరాలు కంపెనీ ఇచ్చిన ‘1111’ అనే పాస్‌వర్డ్‌తోనే వస్తాయి. చాలా చోట్ల దాన్ని ఎవరూ మార్చరు.

నాలుగోది, భయం. తప్పు చెబితే శిక్ష పడుతుందనుకుంటే ఏ ఉద్యోగీ నోరు విప్పడు. అనుమానం ఉన్న మెయిల్ నొక్కేశానని వెంటనే చెప్పిన ఉద్యోగిని తిట్టే సంస్థలో, తర్వాతి ఉద్యోగి చెప్పడు.

వరద నేర్పిన పాఠం

గోదావరి జనానికి హెచ్చరిక అంటే ఏంటో బాగా తెలుసు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పైనున్న భద్రాచలం లెక్క దాచిపెడితే కిందున్న లంకల్లో మనుషులు మిగలరు. అందుకే ఎవరూ దాచరు. ఏ నంబరు వస్తే ఎవరు ఏం చేయాలో వీఆర్వో నుంచి కలెక్టర్ వరకూ తెలుసు.

సైబర్ భద్రతలో కావాల్సింది కూడా ఇదే. ఒక సబ్‌స్టేషన్‌లో అనుమానం వస్తే పక్క జిల్లాకు, గ్యాస్ ప్లాంటుకు, పోర్టుకు వెంటనే తెలియాలి. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసి ఉండాలి. అదీ కాగితం మీద. కంప్యూటర్ పడిపోయినప్పుడు కంప్యూటర్‌లో ఉన్న ఫోన్ నంబర్లు దేనికీ పనికిరావు. గ్యాస్ లీకుకు, తుపానుకు మాక్ డ్రిల్ చేసినట్టే దీనికీ కంపెనీలు, డిస్కం, రెవెన్యూ, పోలీసులు కలిసి డ్రిల్ చేయాలి.

చివరికి కాపాడేది మనుషులే

2015 డిసెంబర్ 23న యుక్రెయిన్‌లో హ్యాకర్లు 3 విద్యుత్ పంపిణీ కంపెనీల్లోకి చొరబడ్డారు. ఆపరేటర్లు చూస్తుండగానే స్క్రీన్ మీద మౌస్ దానంతటదే కదిలి బ్రేకర్లు ఆఫ్ చేసింది. సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు కరెంట్ పోయింది. అంతా మొదలైంది ఒక ఈమెయిల్ అటాచ్‌మెంట్‌తో, అదీ నెలల ముందే.

అయితే కొన్ని గంటల్లోనే కరెంట్ తిరిగొచ్చింది. ఎలా? సిబ్బంది బండ్లేసుకుని సబ్‌స్టేషన్లకు వెళ్లి, చేత్తో బ్రేకర్లు వేశారు. చేత్తో నడపడం తెలిసిన మనుషులు అక్కడ ఇంకా ఉన్నారు కాబట్టి సరిపోయింది.

గోదావరి జిల్లాల్లోనూ తుపాను రాత్రి స్తంభమెక్కే లైన్‌మెన్, వరదలో గేట్ల దగ్గర నిలబడే సిబ్బంది ఉన్నారు. అంతా ఆటోమేటిక్ అయ్యాక కూడా వాళ్ల పని, వాళ్ల ట్రైనింగ్ పోకుండా చూసుకోవడం సైబర్ భద్రతలో భాగమే.

ఉద్యోగులు, కాంట్రాక్టర్లు గుర్తుంచుకోవాల్సినవి

* కొత్త పరికరం రాగానే కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి.
* ప్లాంటు కంప్యూటర్లో సొంత పెన్‌డ్రైవ్ పెట్టకూడదు, ఫోన్ చార్జింగ్‌కు కూడా వాడకూడదు.
* దూరం నుంచి రిపేర్ చేసే యాప్‌లు పని అవగానే తీసేయాలి.
* ఉద్యోగి మానేసినా, కాంట్రాక్టు ముగిసినా అదే రోజు లాగిన్ రద్దు చేయాలి.
* బ్యాకప్ ఒకటి నెట్‌వర్క్‌కు బయట ఉంచాలి. దాని నుంచి డేటా తిరిగొస్తోందో లేదో అప్పుడప్పుడూ చూడాలి.
* అనుమానం వస్తే ముందు చెప్పాలి, తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవచ్చు.

సంస్థల్లో సైబర్ ఘటన జరిగితే సెర్ట్-ఇన్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-4949. వ్యక్తుల డబ్బు పోయిన సైబర్ మోసాలకు 1930కి కాల్ చేయాలి. కరెంట్ బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కనెక్షన్ కట్ చేస్తాం అంటూ లింకు పంపితే నొక్కొద్దు. డిస్కం పేరుతో వచ్చే ఇలాంటి మెసేజ్‌లు మోసగాళ్లవే.